గాంధీ కార్డు మీద ఇన్‌వార్డు ముద్ర

గాంధీగారు చేత్తో రాసిన నా పోస్టు కార్డు నిన్న సాయంత్రం ఒక ప్రభుత్వ ఆఫీసు నుంచి మళ్ళీ నా చేతికొచ్చింది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. కొన్నాళ్ళు ఆగితే మర్యాద అడ్డొస్తుంది, అసలు సంగతి రాయలేను.

నేను తపాలా శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. రాజోలు నుంచి కొత్తపేట దాకా సబ్ పోస్టాఫీసుల్లో సీట్లు మారుతూ సర్వీసంతా కోనసీమలోనే గడిచిపోయింది. నా తోటివాళ్ళు పెన్షన్ డబ్బుతో కొబ్బరితోటలు కొన్నారు. నేను పాత నాయకుల చేతిరాత ఉత్తరాల వెంట పడ్డాను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంతకం ఉన్న కాగితాలు, బులుసు సాంబమూర్తిగారి చీటీ ఒకటి ఇప్పటికే నా దగ్గరున్నాయి. చాలామంది ప్రొఫెసర్ల దగ్గర కూడా లేవని గర్వంగానే చెబుతున్నాను. గాంధీగారి రాత ఒక్కటే వెలితి.

గోదావరి జిల్లాల్లో గాంధీగారి ఉత్తరాలు ఎక్కడుంటాయని నవ్వేవాళ్ళున్నారు. 1921లో, 1929లో, 1933లో ఆయన ఈ జిల్లాలు తిరిగారు. ఖద్దరుకు ఒకసారి, హరిజన నిధికి ఒకసారి ఇక్కడి ఆడవాళ్ళు ఒంటిమీద నగలు ఒలిచి ఇచ్చారు. సీతానగరంలో ఆశ్రమం నడిచింది. ఊరూరా హిందీ ప్రచారకులు ఉండేవారు. ఎవరైనా ఉత్తరం రాస్తే జవాబివ్వడం గాంధీగారికి అలవాటు. రాజమండ్రి రత్నం పెన్నుల వారికి 1935 జూలై 16న వార్ధా నుంచి ఆయన రాసిన ఉత్తరం సంగతి తెలియనివారు మా వైపు తక్కువ. తన అనుచరుడు కుమారప్పగారి ద్వారా అందిన పెన్నుతో రాసి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులు ఇది బాగానే ఉందని అందులో ఉంది. అలాంటివి ఆ ఇంటి ఆస్తి. చూసి దండం పెట్టి రావాలి తప్ప ఇస్తారా అని అడగకూడదు. ఇది నేను పెట్టుకున్న నియమం.

నాకు దొరికింది మాత్రం అడగకుండానే దొరికింది. కొత్తపేట వైపు ఒక ఊళ్ళో, నాకు వరసకు పిన్నిగారయ్యే పెద్దావిడ ఇల్లు పడగొట్టిస్తున్నారు. ఆవిడ మావగారు ఆ రోజుల్లో హిందీ పండితుడు. "మా మావగారి కాగితాలన్నీ 86 వరదకి పోయాయి నాయనా. ట్రంకు పెట్టె మూడ్రోజులు నీళ్ళలో నానింది. ఇదొక్కటి దేవుడి గూట్లో పైన ఉండబట్టి మిగిలింది" అని పాత భాగవతం పుస్తకం లోంచి తీసి ఇచ్చారు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది. లంకల్లో మనుషులు దక్కడమే గొప్ప. పెట్టెలో ఇంకెన్ని ఉత్తరాలు ఉండేవో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

డబ్బిస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఎక్కడ చూపించినా మావగారి పేరు చెప్పమన్నారు, అంతే. నేనే పట్టుబట్టి తెల్లకాగితం మీద దానపత్రం రాయించాను. ఆవిడ సంతకం, సాక్షులుగా ఆవిడ మరిదిగారు, పక్కింటాయన. ఇలాంటి వస్తువు చేతికిస్తే చాలు, దానం చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయినా కాగితం ఉండాలి. ఈ ఒక్క పని చెయ్యకపోయి ఉంటే ఇప్పుడు నేను పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉండేవాణ్ణి.

కార్డు అసలుదా నకిలీదా అన్న విషయంలో నేను ఎక్కువ టెన్షన్ పడలేదు. ముద్రలు చదవడం నా అన్నం. 1935 నాటి కార్డు. అణాకు పన్నెండు పైలైతే అందులో తొమ్మిది పైల కార్డు అది. అయిదో జార్జి బొమ్మ మీద వార్ధా ముద్ర, ఇక్కడికి చేరినప్పుడు కొట్టిన డెలివరీ ముద్ర, రెండింటి తేదీలూ పొంతన కుదిరాయి. హిందీలో నాలుగు వాక్యాలు, కింద 'బాపూ కే ఆశీర్వాద్'. రాత కొంచెం వంకరగా ఉందని ఒక మిత్రుడు సందేహించాడు. కుడిచెయ్యి నొప్పెట్టినప్పుడు గాంధీగారు ఎడమచేత్తో రాసేవారు. ఆయనకి రెండు రాతలున్నట్టే లెక్క. ఒక్క నమూనా పట్టుకుని పోల్చేవాడు పప్పులో కాలేస్తాడు. అలాగే మహాదేవ్ దేశాయి లాంటి కార్యదర్శులు రాసి ఆయన సంతకం మాత్రమే పెట్టినవి కూడా చాలా ఉన్నాయి. అవి సంతకం ఉత్తరాలే తప్ప చేతిరాత ఉత్తరాలు కావు. అమ్మేవాడు ఈ తేడా చెప్పడు.

నకిలీల గురించి ఒక్కటి చెప్పాలి. కొన్నాళ్ళ కిందట ఒక బ్రోకరు నాకు గాంధీ ఉత్తరం అని ఒకటి చూపించాడు. పైన 'సేవాగ్రాం, వార్ధా' అని ఉంది, తేదీ 1937. గాంధీగారు 1936లో వెళ్ళి ఉన్న ఊరి పేరు సెగావ్. దాన్ని సేవాగ్రాం అన్నది 1940లో. మూడేళ్ళ తర్వాత పెట్టబోయే పేరు ఆయనకి ముందే తెలుసా అని అడిగితే బ్రోకరు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్కనే కిరాణా కొట్లో నోట్లు పరీక్షించే నీలం లైటు ఉంటే దాని కింద పెట్టమన్నాను. కాగితం తెల్లగా మెరిసింది. కాగితానికి అలాంటి మెరుపు మందు కలపడం స్వాతంత్ర్యం తర్వాతి సంగతి. పాత కాగితం ఆ లైటు కింద మొద్దుగా ఉండిపోతుంది. నా కార్డు మొద్దుగానే ఉంది.

గాంధీగారి రచనల సంపుటాలు వంద. ప్రభుత్వం వేసినవే, ఇప్పుడు గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో ఊరికే చదువుకోవచ్చు. నా కార్డు వాటిలో కనబడలేదు. కనబడనంత మాత్రాన నకిలీ కాదు. పల్లెటూరి దేవుడి గూట్లో ఉన్నవాటిని ఎవరొచ్చి నకలు రాసుకున్నారు? కానీ ఆ తేదీకి ముందూ వెనకా ఆయన వార్ధాలోనే ఉన్నట్టు సంపుటంలో తేలింది. అంతకంటే ఏం కావాలి.

ఇక్కడి దాకా అంతా సాఫీ.

పిన్నిగారి మరిదిగారబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. కార్డు సంగతి తెలిసి ఫోను. "అంకుల్, అది మా తాతగారిది. డాలస్‌లో మా బావ ఉన్నాడు, అక్కడ వేలంలో పెడితే కోట్లు వస్తాయట. మీరు తిరిగివ్వకపోతే కంప్లయింట్ ఇస్తాం." 2012లో గాంధీ, దక్షిణాఫ్రికాలో ఆయన మిత్రుడు కాలెన్‌బాక్‌ల ఉత్తరాల సేకరణను సోద్‌బీస్ వేలానికి రాకముందే భారత ప్రభుత్వం కొనేసిన వార్త ఎవరో వాట్సాప్‌లో పెట్టారట, అప్పటి నుంచి ఆ కుటుంబానికి నిద్ర లేదు. దానపత్రం మీద సాక్షి సంతకం మీ నాన్నగారిదే బాబూ అన్నాను. అయినా కుర్రాడు ఆగడు. ఇలాంటివాళ్ళకి ఒకటే మాట: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువున్న రాతప్రతికీ పత్రానికీ డెబ్బై అయిదేళ్ళు నిండితే అది పురావస్తువే. మిగతావాటికి వందేళ్ళు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. డాలస్ మాట మరిచిపోవాలి.

మరి అదే చట్టం నాకు వర్తించదా? మా వకీలు చదివి చెప్పాడు. ఇంట్లో దాచుకోవడం తప్పు కాదు. వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. రిజిస్ట్రేషన్ చేయించాల్సినవి నోటిఫికేషన్‌లో విడిగా చెప్పారు: విగ్రహాలు, చిత్రపటాలు, బొమ్మలున్న రాతప్రతులు వగైరా. బొమ్మల్లేని మామూలు ఉత్తరం అందులో లేదు. "అయినా ఒక ఆఫీసులో అర్జీ పెట్టి, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఒక ముక్క రాయించుకోండి. ఆ కుర్రాడి నోరు మూతపడుతుంది" అన్నాడు. అక్కర్లేదని చెప్పే కాగితం కోసం ఆఫీసుకెళ్ళడం! కానీ వకీలు మాట, వెళ్ళాను.

ఏ ఆఫీసో, ఏ ఊరో అడక్కండి. మెట్లెక్కితే ఎడమచేతి వైపు గోడకి పెద్ద గాంధీ పటం ఉంటుంది, దాని కిందే ఇన్‌వార్డు సీటు, అంటే వచ్చిన కాగితాలు తీసుకుని ముద్ర కొట్టి నంబరు వేసే చోటు. అంతవరకే చెబుతాను.

అర్జీ పద్ధతిగా రాసుకెళ్ళాను. కార్డుకి రెండువైపులా జిరాక్సులు, దానపత్రం జిరాక్సు, చట్టంలో సంబంధించిన పేజీ, అన్నీ ట్యాగ్ చేసి ఇచ్చాను. ఇన్‌వార్డు సీట్లో ఉన్నాయన నలభైలోపు మనిషి. కాగితాలు తిరగేసి, "ఒరిజినల్ ఏదండీ? ఒరిజినల్ చూడకుండా జిరాక్సు తీసుకోం" అన్నాడు. సంచిలోంచి కవరు తీసి, కవర్లోంచి కార్డు బయటికి లాగి, అంచులు పట్టుకుని చూపించాను. చెయ్యి చాపాడు. ఇచ్చాను. ప్రభుత్వ ఉద్యోగి ఒరిజినల్ అడిగితే ఇవ్వడమే నాకు తెలిసిన పద్ధతి, నా సర్వీసంతా జనం నాకూ అలాగే ఇచ్చారు.

నా అర్జీ పక్కన కార్డు పెట్టాడు. రబ్బరు స్టాంపు ఊదారంగు ప్యాడ్ మీద అద్దాడు. అర్జీ మీద ఒకటి ధబ్. అదే ఊపులో కార్డు మీద ఒకటి ధబ్.

రాత మీద. 'ఆశీర్వాద్' అన్న మాట మీద అడ్డంగా ఆఫీసు పేరు, దాని కింద తేదీ గడి. నేను అరిచే లోపలే బాల్‌పెన్నుతో గడిలో తేదీ వేసి, నంబరు వేసి, చిన్న సంతకం కూడా గీకాడు. ఆ తర్వాత అర్జీకీ కార్డుకీ కలిపి స్టేప్లర్ కొట్టాడు.

"ఏం చేశారండీ!" అన్నాను. గొంతు పెగల్లేదు.

"ఇన్‌వార్డు వేశానండి. నంబరు రాసుకోండి" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు.

ఇక్కడ నేను కొంచెం ఆగి నా శాఖ గొప్ప చెప్పుకోవాలి. తపాలా ఆఫీసులో చేరిన మొదటివారమే మాకు నేర్పేది ఇదే: ముద్ర స్టాంపు బొమ్మ మీద పడాలి, అడ్రసు మీద గానీ రాత మీద గానీ పడకూడదు. ఆ కార్డు మీద 1935లో వార్ధా గుమాస్తా ఎవరో కొట్టిన ముద్ర చూడండి, సరిగ్గా రాజుగారి తల మీద ఉంది. ఒక్క అక్షరానికి అంటలేదు. రోజూ సంచులకొద్దీ ఉత్తరాలు కొట్టే మనిషి అంత జాగ్రత్త పడ్డాడు. నా చేతికింద కూడా ఒక్క ఉత్తరం పాడవలేదు, కావాలంటే రాజోలులో అడగండి. తొంభై ఏళ్ళపాటు వరద, చెద, రామబాణం పురుగు ముట్టుకోని కార్డుని ఒక గుమాస్తా ఒక్క నిమిషంలో కరాబు చేశాడు.

సరే, పడింది పడింది, కార్డు ఇచ్చెయ్యండి అన్నాను. ఇవ్వడు. "ఇన్‌వార్డు పడింది కదండీ. ఇప్పుడిది ఆఫీసు కాగితం. సూపరింటెండెంటుగారిని కలవండి."

సూపరింటెండెంటుగారి గదిలో నిలబెట్టిన తీరు నేను జన్మలో మరిచిపోను. కుర్చీ ఉంది, కూర్చోమనలేదు. కార్డు అటూ ఇటూ తిప్పి, "గాంధీగారు మీకు రాశారా?" అన్నారు. కాదండి, ఫలానా వారికి అన్నాను. "మరి మీకెందుకుంది?" దానపత్రం చూపించాను. "ఆవిడకి గాంధీగారు రాశారా?" ఆవిడ మావగారికి. "మీరు గాంధీగారికి ఏమవుతారు, మావగారికి ఏమవుతారు?" ఈపాటికి సెక్షన్‌లో ఫైళ్ళు ఆగిపోయాయి. తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. "ఈ పెద్దాయనకి గాంధీగారి దగ్గర్నుంచి ఉత్తరమొచ్చిందటోయ్" అని ఎవరో అన్నారు. నవ్వులు. నేను పోస్టుమాస్టరుగా చేసినవాణ్ణి, నా కౌంటర్ ముందు కూలికెళ్ళే మనిషి నిలబడినా అండీ అనే పిలిచాను.

తర్వాత వచ్చింది అసలు మాట. "రాసినవారి వారసుల దగ్గర్నుంచి అభ్యంతరం లేదని లెటర్ తెండి, అప్పుడు చూద్దాం."

గాంధీగారి వారసుల నుంచి ఎన్‌ఓసీ! గాంధీగారి కొడుకు దేవదాస్ రాజాజీగారి అల్లుడు, ఆ దంపతుల కొడుకుల్లో ఒకాయన పశ్చిమ బెంగాల్ గవర్నరుగా చేశారు, ఆయన దగ్గరికి వెళ్ళి మా కోనసీమ కార్డుకి సంతకం పెట్టమనాలా అని అడిగాను. వెటకారమా అన్నారు. వెటకారం కాదు. ఆయనకి తెలియనిది ఏమిటంటే, ఉత్తరం అన్న వస్తువు అందుకున్నవాడిది. అందులో రాసిన మాటల మీద హక్కు రాసినవాడిది. రచయిత ఉండగా అచ్చయినవాటికి ఆ హక్కు మన దేశంలో ఆయన పోయిన తర్వాత అరవై ఏళ్ళు ఉంటుంది. గాంధీగారు తన రచనల హక్కుల్ని నవజీవన్ ట్రస్టుకి రాసి ఇచ్చారు, ఆయన ఉండగా అచ్చయినవాటి మీద అది కూడా 2008 ఆఖరుతో తీరిపోయింది. అచ్చుకాని ఉత్తరానికి లెక్క వేరు, మొదట అచ్చయినప్పటి నుంచి అరవై ఏళ్ళు. అయినా అదంతా అచ్చువేసుకునే మాట. దగ్గర పెట్టుకోవడానికి అడగడమేమిటి! ఇదంతా చెబుతుంటే ఆయన ఫోను ఎత్తి మాట్లాడుకోవడం మొదలెట్టారు.

ఆ రోజు ఉత్తచేతులతో ఇంటికి వచ్చాను. మా ఆవిడ అన్నం పెట్టి, "కార్డు ఏదండీ?" అంటే చెప్పలేక, లోపల ఉంది అన్నాను.

తర్వాత నడిచిన కథ ఆఫీసు మొహం చూసినవాళ్ళందరికీ తెలిసిందే. సార్ క్యాంపులో ఉన్నారు. సార్ వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారు. సెక్షన్ సీటు ఖాళీ, ఇన్‌ఛార్జి గురువారం వస్తారు. ఫైలు పైకెళ్ళింది. ఫైలు కిందికొచ్చింది గానీ కార్డు దాంతో లేదు. ఒకసారి అటెండరు జాలిపడి, "ఆయ్, ఇక్కడే బీరువాలో చూశానండి, ఎలక్షన్ కట్టల కింద" అన్నాడు. ఆ మాటతో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. వర్షాకాలం, ఆ బీరువా వెనక గోడంతా చెమ్మ.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, స్పీడ్ పోస్టులో. రిజిస్టర్డ్ పోస్టు ఉండి ఉంటే అందులోనే పంపేవాణ్ణి, దాన్ని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఆ బాధ ఇంకోసారి రాస్తాను. అందరూ చేసే తప్పేమిటంటే "నా అర్జీ ఏమైంది" అని అడుగుతారు. దానికి "పరిశీలనలో ఉన్నది" అని జవాబొస్తుంది. ఫైలు చూడనివ్వమని, ఆఫీసువాళ్ళు తమలో తాము రాసుకున్న నోట్ ఫైలుతో సహా సర్టిఫైడ్ కాపీలు ఇమ్మని అడగాలి. చట్టం ఆ హక్కు ఇచ్చింది. జవాబుకి గడువు ముప్ఫై రోజులు. వీళ్ళు గడువు ఆఖరి రోజున పిలిచారు.

ఫైలు చూస్తే కళ్ళు తిరిగాయి. నోట్ ఫైల్లో ఇలా ఉంది: అర్జీదారు తన వద్ద ఉన్న పురాతన పోస్టు కార్డును ప్రభుత్వానికి స్వచ్ఛందంగా అప్పగించియున్నారు, తగు ఉత్తర్వుల నిమిత్తం. కింద ముగ్గురి సంతకాలు. నా అర్జీలో ఉన్నది ఒక్క ప్రశ్న, రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అని. ఆ ప్రశ్న జోలికి ఒక్కరూ వెళ్ళలేదు. మొదటి గుమాస్తా తప్పు చదివాడు, పైవాళ్ళు ఆయన రాసినదే చదివారు. అర్జీ ఎవరూ చదవలేదు.

దొంగిలించారని నేను అనను. దొంగకి దాని విలువ తెలిసి ఉండేది.

దారి చూపించింది ఆ సెక్షన్‌లోనే కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు అమ్మాయి. నేను కాపీల కోసం కూర్చుని ఉంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మెల్లగా అంది: "బాబాయిగారూ, ఈ ఫైలు మీద ఎంత తిరిగినా కదలదండి. ఒరిజినల్ వాపసు కోరుతూ అని విడిగా ఇంకో అర్జీ పెట్టండి. అందులో పాత నంబరు రాయండి. కార్డుకి బదులు అటెస్టేషన్ చేసిన జిరాక్సు ఫైల్లో పెట్టుకుని ఒరిజినల్ రసీదు మీద ఇచ్చెయ్యొచ్చండి. సర్టిఫికెట్లకి రోజూ చేసేదే." పదో తరగతి మార్కుల లిస్టుకి రోజూ చేసే పని గాంధీగారి కార్డుకి చెయ్యవచ్చని అంత పెద్ద సూపరింటెండెంటుకి తట్టలేదు! ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. పేరు రాస్తే ఉద్యోగానికి ఇబ్బంది, రాయను.

కొత్త అర్జీ, నోట్ ఫైలు సర్టిఫైడ్ కాపీ పట్టుకుని సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళాను. అక్కడున్న పెద్దాఫీసరు వయసులో చిన్నాయనే. నోట్ చదివి, నా మొదటి అర్జీ చదివి, రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి నవ్వారు. నన్ను చూసి నవ్విన నవ్వు కాదది. ఒరిజినల్ వెంటనే తిరిగి ఇచ్చి నకలు ఫైల్లో ఉంచమని అర్జీ మీదే ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు. అంతే. దాని కోసమా ఇన్నాళ్ళు!

నిన్న ఇచ్చారు. రసీదు రిజిస్టరులో 'పాత పోస్టు కార్డు - 1' అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. ఎవరు ఎవరికి రాశారు, ఏ తేదీ, మీరు కొట్టిన ముద్ర ఎక్కడుంది, స్టేప్లర్ పిన్ను ఎక్కడుంది, అన్నీ రాస్తేనే సంతకం. గొణుక్కుంటూ రాశారు. పక్కన 'విలువ' అని గడి ఉంది. ఇన్‌వార్డు ఆయనే దాంట్లో 'నిల్' అని రాశాడు. దిద్దమనలేదు. దాన్నీ ఫోటో తీసుకున్నాను.

అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం ఇంతవరకూ రాలేదు. అర్జీ పరిశీలనలో ఉంది.

ఇప్పుడు కార్డు పరిస్థితి. ఊదా ముద్ర స్పిరిట్‌తో పోతుందని ఒకాయన, బ్లీచింగ్‌తో పోతుందని మరొకాయన సలహా ఇచ్చారు. వాళ్ళ చేతికి ఇవ్వకండి. తాళపత్రాల సంరక్షణ నేర్చుకున్న మిత్రుడొకరు ఫోటో చూసి గట్టిగా చెప్పాడు: స్పిరిట్ తగిలితే ముద్ర పోదు, పాకుతుంది. దాంతోపాటు అసలు సిరా కూడా పాకుతుంది. ముద్ర కూడా ఇక కార్డు చరిత్రలో భాగమే, వదిలెయ్యమన్నాడు. వదిలేశాను, ఇష్టమై కాదు. స్టేప్లర్ పిన్ను మాత్రం వెనక కాళ్ళని పల్చటి బ్లేడుతో నిలబెట్టి, ముందువైపు నుంచి లాగాడు. చెమ్మకి అప్పటికే తుప్పు మొదలైంది, రెండు చుక్కలు మిగిలాయి.

పాత ఉత్తరాలు ఇంట్లో ఉన్నవాళ్ళు దయచేసి లామినేషన్ షాపుకి తీసుకెళ్ళకండి. ఆ వేడికి ప్లాస్టిక్ అతుక్కున్నాక మళ్ళీ ఊడదు. మా బంధువుల్లో ఒకరు స్వాతంత్ర్య సమరయోధుడి జైలు ఉత్తరాన్ని రేషన్ కార్డుతో కలిపి లామినేషన్ చేయించారు. సెల్లోటేపు కూడా వద్దు, జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు మన ఎండకి ఉత్తరానికి అంటుకుపోతాయి. పాలిస్టర్ కవరు, ఆసిడ్ లేని కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మరీ ఖరీదు కాదు. కలరా ఉండలు కాగితానికి తగిలేలా వెయ్యకండి. గోదావరి గట్టున ఉన్నవాళ్ళం, చెమ్మ తప్పదు కాబట్టి సిలికా జెల్ పొట్లాలు వేసి, నేల మీద కాకుండా పైఅరలో పెట్టాలి. పిన్నిగారి దేవుడి గూడు కంటే మంచి చోటు నేనింకా చూడలేదు. మంచి స్కాన్ తీసి ఒక కాపీ వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర ఉంచండి. ఆఫీసులో ఒరిజినల్ అడిగితే మీ చేతిలోనే పట్టుకుని చూపించండి. టేబుల్ మీద పెట్టద్దు. టేబుల్ మీద స్టాంపు ప్యాడ్ ఉందేమో ముందు చూసుకోండి.

హైదరాబాదు కుర్రాడు మొన్న మళ్ళీ ఫోను చేశాడు. కార్డు మీద ప్రభుత్వ ముద్ర పడిందని, ఫైల్లో నకలు ఉందని చెప్పాను. "అయితే రేటు పడిపోతుందా అంకుల్?" అన్నాడు. పూర్తిగా పడిపోయింది బాబూ అన్నాను. అప్పటి నుంచి ఫోను లేదు. ఆ గుమాస్తా వల్ల నాకు జరిగిన ఒకే ఒక్క మేలు ఇది.

ఈ ఉదయం ఇంకో ఫోను వచ్చింది, సూపరింటెండెంటుగారి నుంచి. గొంతు చాలా మెత్తగా ఉంది. "మాస్టారూ, అక్టోబరు రెండున మన ఆఫీసులో గాంధీ జయంతి చేస్తున్నామండి. పెద్దసారు మీ కార్డు సంగతి అడిగారు. ఆ రోజు కొంచెం తీసుకొస్తే పటం పక్కన పెట్టి అందరికీ చూపిద్దామని. మీకు శాలువా కూడా కప్పుతామండి."

ఒరిజినల్ మీ రిజిస్టరులో వాపసు అయిపోయింది కదండీ, ఫైల్లో అటెస్టేషన్ చేసిన నకలు ఉంది, అది పెట్టుకోండి అన్నాను. ఆ ఫైలు ఎక్కడుందో చూడాలండి అన్నారు.